పసితనానికి ఎల్లలు

భారతీయ రైల్వేలు బాల్యానికి రెండు ఎల్లలు గీశాయి. అయిదేళ్ళు నిండని బిడ్డకు టిక్కెట్టు అక్కరలేదు. అయిదు నిండి పన్నెండు నిండనివారికి చిరకాలంగా సగం టిక్కెట్టు చెల్లుతూ వచ్చింది. 2016 ఏప్రిల్ 21 నుంచి మాత్రం ఆ వయసు పిల్లలకు విడిగా బెర్తు కోరితే పూర్తి చార్జీ చెల్లించవలసి వస్తున్నది. ఈ నిబంధనల నీడలో లెక్కలేనన్ని కుటుంబాలలో ఒకే ఘట్టం జరుగుతూ వచ్చింది. ప్రయాణానికి ముందు తల్లో తండ్రో బిడ్డను దగ్గరకు తీసుకుని, ఎవరైనా అడిగితే నాలుగేళ్ళని చెప్పమంటారు. రైలు కదిలాక నల్లకోటు ఉద్యోగి వచ్చి, బుగ్గ తట్టి వయసు అడుగుతాడు. పిల్లవాడు మొన్ననే తనకు అయిదో పుట్టినరోజు జరిగిందనీ, బడిలో చాక్లెట్లు పంచిపెట్టాననీ ఉత్సాహంగా చెబుతాడు. చుట్టూ ఉన్నవారు నవ్వుతారు. జేబులో చెయ్యి పెట్టే తండ్రి ముఖం చిన్నబోతుంది. అతని మనసులో సిగ్గు ఉంది, కోపం ఉంది. వాటి అడుగున, పైకి చెప్పుకోలేని సంతోషం కూడా ఉంది. తన బిడ్డకు అబద్ధం ఇంకా చేతకాలేదు. మరుసటి ప్రయాణానికి చేతనవుతుంది. అప్పుడు డబ్బు మిగులుతుంది. ఈ సంతోషం మాత్రం మళ్ళీ దొరకదు.

ఎదుగుతున్న పిల్లల పట్ల తల్లిదండ్రులకు కలిగే ఈ ద్వైధీభావాన్ని ఆలోచించడానికి పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని ఖరగ్‌పూర్ తగిన చోటు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. ఆ శతాబ్ది ముగిసే నాటికి ఖరగ్‌పూర్ పెద్ద కూడలి అయింది; తరువాత కొద్దికాలానికే అక్కడ వర్క్‌షాపు వెలసింది. కలకత్తా–మద్రాసు మార్గం కలిసిన తరువాత గంజాం, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు ఫిట్టర్లుగా, ఖలాసీలుగా, గ్యాంగుమెన్లుగా, గుమాస్తాలుగా ఆ ఊరు చేరారు. మథురాకాటీ, నింపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్ వంటి చోట్ల తరతరాలుగా తెలుగు వినిపిస్తున్నది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడిన తరువాత కూడా ఇళ్ళలో పెద్దవారు చాలాకాలం ‘బి.ఎన్.ఆర్.’ అనే అన్నారు.

రైల్వే ఉద్యోగికి కుటుంబంతో సహా పాసు లభిస్తుంది కనుక టిక్కెట్టు కోసం అబద్ధమాడే అవసరం తక్కువ. అయితే పాసు కూడా ఒక ఎల్ల గీస్తుంది. కుమార్తె పేరు ఆమె పెళ్ళి వరకు అందులో ఉండవచ్చు. కుమారుడికి ఇరవై ఒకటి నిండితే, చదువు కొనసాగుతున్నట్లు రుజువు వంటి ఆధారం లేకపోతే, పేరు ఉండదు. సంక్రాంతికి సొంతవూరు వెళ్ళడానికి దరఖాస్తు నింపుతూ, ఇరవై ఏళ్ళుగా రాస్తున్న పేరును తండ్రి తన చేతితోనే ఆ ఏడు వదిలివేయాలి. ఇల్లూ అంతే. పదవీ విరమణ తరువాత గడువులోగా క్వార్టరు ఖాళీ చేయాలి. గోడమీద ఏటేటా పెన్సిలుతో గీసిన పిల్లల ఎత్తుల గుర్తులు, తరువాత వచ్చే కుటుంబం కోసం వేసే సున్నం కిందికి పోతాయి. ఈ ఇల్లు మనది కాదన్న సంగతి రైల్వే పిల్లలకు ఏదో ఒక వయసులో తెలుస్తుంది. ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు; పక్క క్వార్టరు ముందు సామాను లారీ ఆగినప్పుడు వారే గ్రహిస్తారు.

‘అమాయకత్వం’ అనే మాటను కొంచెం పరిశీలించవలసి ఉన్నది. మాయ లేనివాడు, అనగా ఇతరులను వంచించనివాడు అమాయకుడు. వాడుకలో స్థిరపడిన రెండో అర్థం వేరు: ఇతరులు సులభంగా వంచించగలవాడు. తల్లిదండ్రులు మొదటిది నిలవాలనీ రెండోది తొలగాలనీ కోరుకుంటారు. గోల్‌బజారులో చిల్లర లెక్కపెట్టుకోకుండా వచ్చిన పిల్లవాణ్ణి వెర్రిబాగులవాడని కోప్పడతారు. దుకాణదారు పొరపాటున ఎక్కువగా ఇచ్చిన నోటు తిరిగి ఇచ్చి వచ్చిన రోజున కూడా, ఇంట్లో డబ్బుకు ఇబ్బందిగా ఉంటే, అదే మాట వినిపిస్తుంది. ఈ రెండు కోపాల మధ్య భేదం పిల్లవాడికి బోధపడదు. నిజానికి పెద్దలకే స్పష్టంగా తెలియదేమో. మోసపోకుండా ఉండాలంటే మోసం ఎలా జరుగుతుందో తెలియాలి. అది తెలిసినవాడు దానిని వాడగలడు కూడా. కాబట్టి పసివాడి నిష్కాపట్యాన్ని సుగుణమనడం కష్టం. చేతకానిదాన్ని చేయకపోవడంలో ఘనత లేదు. ఎక్కువ వచ్చిన డబ్బుతో ఏమేమి కొనవచ్చో లెక్క వేసుకుని, నాలుగడుగులు ముందుకు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి ఇచ్చే పదేళ్ళవాడి సంగతి వేరు. ఆ పిల్లవాడు అమాయకుడు కాడు, నిజాయితీపరుడు. తల్లిదండ్రులు తలచుకుని బాధపడే ఆ నష్టం జరిగితే తప్ప నిజాయితీకి చోటు దొరకదు.

ఇంతవరకు తర్కం తేలికే. ఇదే పూర్తి సత్యమైతే బిడ్డ ఎదుగుదల చూసి తల్లిదండ్రులు ఆనందించడం తప్ప చేయవలసిందేమీ లేదు. అలా జరగకపోవడానికి కారణం పోతన భాగవతం సప్తమ స్కంధంలో కొంత కనిపిస్తుంది. హిరణ్యకశిపుడు కొడుకును చండామార్కుల దగ్గర చదువుకు పెట్టాడు. కొంతకాలం తరువాత ఒడిలో కూర్చోబెట్టుకుని ఏమి నేర్చుకున్నావని అడిగాడు. ఆ ప్రశ్న అడిగే క్షణంలో అతడు దానవరాజు కాడు, బడినుంచి వచ్చిన పిల్లవాణ్ణి ముద్దుచేసే ఏ తండ్రి అయినా అతడే. బాలుడు తనకు తెలిసిన సత్యం చెప్పాడు. అక్కడినుంచి అనర్థం మొదలైంది. ఈ కథను భక్తుడి పక్షాన చదవడం సంప్రదాయం, అది ఉచితం కూడా. తండ్రి పక్షాన చదివితే మరొకటి తెలుస్తుంది: చదువుకోమని పంపినవాడే చదువు తెచ్చిన ఫలితాన్ని భరించలేకపోయాడు. ఇది ప్రతి ఇంట్లోనూ స్వల్ప మోతాదులో జరిగేదే. బిడ్డ నేర్చుకునే విషయాలలో తండ్రి కూడా ఒక విషయం.

వర్క్‌షాపు వేళకు సైకిలెక్కే తండ్రి అయిదేళ్ళ బిడ్డ దృష్టిలో రైళ్ళన్నింటినీ నడిపించేవాడు. పన్నెండో ఏటికి ఆ బిడ్డకు గ్రేడులు తెలుస్తాయి, క్వార్టర్ల తరగతులు తెలుస్తాయి. తన సహాధ్యాయి తండ్రి కుర్చీలో కూర్చుని మాట్లాడుతుంటే తన తండ్రి ఎందుకు నిలబడి సమాధానం చెబుతున్నాడో తెలుస్తుంది. తెలిసిన తరువాత కొన్నాళ్ళు ఆ పిల్లవాడు తండ్రి కళ్ళలోకి చూడడు. పిల్లలు సాధారణంగా తమ పసితనం పోయిందని ఏడవరు. త్వరగా పెద్దవారం కావాలనే తొందరలో ఉంటారు. ఆ దుఃఖం తల్లిదండ్రులది. బిడ్డ ఊహలో తమకున్న ఎత్తు తగ్గిందన్న బాధ అందులో గణనీయమైన భాగం. ఆ బాధ తప్పు కాదు. దానిని బిడ్డకు కలిగిన నష్టంగా చెప్పుకుని, ఆ పేరిట బిడ్డను తెలియనితనంలో అట్టే ఉంచబూనడం తప్పు.

అయితే ఈ బెంగను తేలికగా కొట్టివేయరాదు. చరిత్ర దృష్టితో చూస్తే కాపాడదగిన బాల్యం అనేది కార్మిక కుటుంబాలకు ఆలస్యంగా అందింది. బాల్యం అనే ప్రత్యేక భావనే మధ్యయుగపు ఐరోపాలో లేదని ఫ్రెంచి చరిత్రకారుడు ఫిలిప్ ఆరియెస్ 1960లో వాదించాడు. తరువాతివారు అనేకులు ఆయనతో విభేదించారు. భారతదేశం విషయంలో సాక్ష్యం శాసనాలలోనే దొరుకుతుంది. 1881 నాటి ఫ్యాక్టరీల చట్టం ఏడేళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టరాదన్నది. 1891లో ఆ వయసు తొమ్మిది, 1922లో పన్నెండు, 1948లో పధ్నాలుగు అయింది. అనగా ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాపు లేచిన కాలానికి, తొమ్మిదేళ్ళు నిండిన బిడ్డ ఫ్యాక్టరీలో రోజుకు ఏడు గంటలు పనిచేయడం న్యాయసమ్మతం. ఆరు నుంచి పధ్నాలుగేళ్ళ వరకు ఉచిత నిర్బంధ విద్య హక్కుగా మారడానికి 2009 చట్టం రావలసి వచ్చింది. మనుమడి పసితనం పోతున్నదని దిగులుపడే వృద్ధుల తాతతండ్రులలో చాలామందికి, పోయిందని దిగులుపడేటంత బాల్యం చిక్కలేదు. ఆ దిగులు కష్టపడి సంపాదించుకున్న ఆస్తి వంటిది.

ఖరగ్‌పూర్ తెలుగు పిల్లలు పసితనాన్ని దాటే దారుల్లో భాష ఒకటి. నాలుగేళ్ళవాడికి భాషల మధ్య గోడలుండవు. అమ్మతో తెలుగు, పొరుగింటి మాషీతో బెంగాలీ, ఆటస్థలంలో హిందీ. నీళ్ళను ఎవరి దగ్గర ఏ పేరుతో అడిగితే దొరుకుతాయో అదే వాడికి వ్యాకరణం. ఎనిమిదో ఏటనో తొమ్మిదో ఏటనో ఒక భాషకు మర్యాద ఉన్నదనీ, మరొక భాషకు నవ్వు ఎదురవుతుందనీ తెలుస్తుంది. నాయనమ్మ సిక్కోలు యాస, అంతవరకు కథల గొంతు, హఠాత్తుగా స్నేహితుల ముందు దాచవలసిన వస్తువవుతుంది. “బడి దగ్గర తెలుగులో పిలవకమ్మా” అని బిడ్డ అన్న రోజు తల్లి నొచ్చుకుంటుంది. ఇంగ్లీషు మీడియంలో చేర్పించింది ఆమే. నలుగురిలో నెగ్గుకురావాలని కోరింది ఆమే. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా కల్పించే నిర్ణయం తీసుకున్నది. దాని విలువను తక్కువ చేయనక్కరలేదు. కానీ బడి గేటు దగ్గర తల్లిని ఏ భాషలో పలకరించాలన్నది తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఒంటరిగానే తేల్చుకుంటాడు. తెలివి పెరగడమంటే ఇదీ ఒక భాగమైతే, ఆ తెలివిని చూసి గర్వపడడం ఏ తల్లికైనా కష్టం. (పెద్దలూ కొన్ని విషయాలలో పసివారుగా ఉండడానికే ఇష్టపడతారు. ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం తమదేనని ఖరగ్‌పూర్‌లో తండ్రులు బిడ్డలకు చెబుతూ వచ్చారు. 1,072.5 మీటర్ల ఆ ఘనతను 2013లో గోరఖ్‌పూర్, 2023లో 1,507 మీటర్లతో హుబ్బళ్ళి దాటిపోయాయి. ఈ సంగతి తండ్రికి చెప్పి సరిదిద్దేది సాధారణంగా పిల్లలే.)

ఆడపిల్ల విషయంలో ఈ మిశ్రమభావానికి తెలుగు కుటుంబాలు ఆచారరూపమే ఇచ్చాయి. రజస్వల అయిన బాలికను విడిగా చాపమీద కూర్చోబెడతారు, చిమ్మిలి పెడతారు, మేనమామ చీర తెస్తాడు, పేరంటాళ్ళు హారతి పడతారు. క్వార్టరు వరండాలో జరిగే ఈ వేడుక వీధి అంతటికీ తెలుస్తుంది. జరిగినదేమిటో బాలికకు మాత్రం ఎవరూ వివరించరు. నిన్నటివరకు తనతో కబడ్డీ ఆడిన పొరుగింటి పిల్లలు గుమ్మం దగ్గర నిలబడి వింతగా చూస్తారు. హారతి పట్టిన చేతులే మరునాటినుంచి ఆటస్థలానికి వెళ్ళవద్దని వారిస్తాయి. తల్లి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. అవి ఆనందబాష్పాలని అందరూ అంటారు. తన చాప, తన చీర, తనకు మూసుకుపోయిన వీధి ఆమెకు గుర్తుకు వచ్చి ఉండవచ్చు.

ఇక్కడ తెలియనితనాన్ని కాపాడడం రక్షణ అన్న వాదం పూర్తిగా వీగిపోతుంది. 2012 నాటి పోక్సో చట్టం పద్ధెనిమిదేళ్ళలోపు వారందరినీ బాలలుగానే పరిగణించి, వారిపై లైంగిక నేరాలకు ప్రత్యేక న్యాయస్థానాలను ఏర్పరచింది. కానీ ఏ న్యాయస్థానం తలుపు తట్టాలన్నా ముందు బిడ్డ తనకు జరిగినదాన్ని ఇంట్లో చెప్పగలగాలి. తన శరీరభాగాలకు పేర్లు తెలియని బిడ్డ, పెద్దవారెవరూ తప్పు చేయరని నమ్మిన బిడ్డ, ఏమని చెబుతుంది? ఆ మాటలు నేర్పేటప్పుడు తల్లి గొంతు వణుకుతుంది. లోకంలో దుర్మార్గం ఉన్నదని తానే మొదట చెప్పవలసి రావడం క్రూరమైన బాధ్యత. దానిని తప్పించుకోవడం అంతకంటే క్రూరం.

మరొక రకపు తెలివిని పిల్లలకు చరిత్రే బలవంతంగా నేర్పిన సందర్భాలున్నాయి. 1974 మే 8 నుంచి 27 వరకు దేశవ్యాప్తంగా జరిగిన రైల్వే సమ్మెలో సుమారు పదిహేడు లక్షల మంది పాల్గొన్నారు. వేలాదిమంది అరెస్టయ్యారు, పలు రైల్వే కాలనీలలో కుటుంబాలను క్వార్టర్లనుంచి వెళ్ళగొట్టారు. 1920లలో బి.ఎన్.ఆర్. కార్మికులను సంఘటితం చేసిన వరాహగిరి వెంకటగిరి ఆనాడు రాష్ట్రపతి భవనంలో ఉన్నారన్నది చరిత్ర విచిత్రాలలో ఒకటి. సమ్మె ఔచిత్యం గురించి అభిప్రాయభేదాలుండవచ్చు. తండ్రిని పోలీసులు తీసుకువెళ్ళిన ఇంట్లో ఆరేళ్ళ బిడ్డకు ఏమని చెప్పాలన్నది వేరే ప్రశ్న. ఊరెళ్ళాడని చెప్పడం ఒక మార్గం. జైలులో ఉన్నాడని చెబితే, దొంగలను పెట్టే చోట నాన్న ఎందుకున్నాడన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబు చెప్పాలంటే చట్టానికీ న్యాయానికీ మధ్య ఎడం ఉండవచ్చునని ఆరేళ్ళవాడికి చెప్పాలి. ఆ తరువాత వాడు వీధి మలుపులోని పోలీసును ఎప్పటిలా చూడలేడు. ఊరెళ్ళాడన్న అబద్ధాన్ని ఎన్నుకున్న తల్లిని తప్పుపట్టడం సులభం కాదు. అయితే పక్కింటి పిల్లలు నిజం చెప్పేవరకే ఆ అబద్ధం నిలుస్తుంది, అప్పుడు బిడ్డకు ఒకేసారి రెండు తెలుస్తాయి.

కారాగారాన్ని తెలుగులో చమత్కారంగా శ్రీకృష్ణ జన్మస్థానం అంటారు. అటువంటి చమత్కారమే రవీంద్రుని ‘కాబూలీవాలా’ కథకు కీలకం. 1892 నాటి ఈ కథ బెంగాల్‌లో పెరిగిన తెలుగు పిల్లలకు కొత్తది కాదు. అత్తవారింటికి వెళతావా అని రహమత్ చిన్నారి మినీని అడుగుతాడు. వీధి జనపు వాడుకలో ఆ మాటకు జైలు అని అర్థం. పాపకు ఏ అర్థమూ తెలియదు, అందుకే నవ్వు. ఏళ్ళ తరువాత, జైలునుంచి వచ్చిన రహమత్ మినీ పెళ్ళిరోజున మళ్ళీ అదే ప్రశ్న వేస్తాడు. ఈసారి ఆమెకు అర్థం తెలుసు. సిగ్గుతో ముఖం తిప్పుకుంటుంది. కాబూల్‌లోని తన కూతురు కూడా ఇంతటిదై ఉంటుందని, ఆమెతో మళ్ళీ కొత్తగా పరిచయం చేసుకోవలసి ఉంటుందని అప్పుడు రహమత్‌కు తడుతుంది. అతని దగ్గరున్నది ఒక కాగితం మీద ముద్రించుకున్న ఆ పాప చిట్టిచేతి గుర్తు మాత్రమే. రహమత్‌ను దూరం, జైలు విడదీశాయి. మినీ తండ్రి మాత్రం అన్నాళ్ళూ ఆమె ఉన్న ఇంట్లోనే ఉన్నాడు. ఆమె కబుర్లు ఎప్పుడు ఆగిపోయాయో ఆయనా పట్టించుకోలేదు. పెళ్ళి దీపాలు, బాజాల ఖర్చు తగ్గించి ఆయన రహమత్‌కు దారిఖర్చు ఇవ్వడంలో దయ ఎంత ఉన్నదో, ఈ ఎరుక కూడా అంత ఉన్నది.

భాగవతంలో మరో ఘట్టం ఉన్నది. మన్ను తిన్నాడన్న ఫిర్యాదుపై యశోద కృష్ణుని నోరు తెరిపించి, అందులో సమస్త లోకాలను, తనను సైతం చూస్తుంది. బిడ్డకు తెలియనిది ఏదీ లేదని ఆమెకు తెలిసిపోయిన క్షణమది. అక్కడ కథ ఆగిపోతే ఆమె భక్తురాలు అయ్యేది గాని తల్లిగా మిగిలేది కాదు. అందుచేత బిడ్డే ఆమెపై మాయ కప్పుతాడు. ఆమె చూసినదంతా మరిచి అతన్ని ఒడిలోకి తీసుకుంటుంది. మాయ తెలియనివారు పిల్లలనీ, తెలిసినవారు పెద్దలనీ భాష చెబుతుండగా, ఈ కథ ఆ వరుసను తిరగవేసింది.

ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాపు ఉద్యోగం తండ్రి నుంచి కొడుకుకు దాదాపు వారసత్వంగా వచ్చిన కాలం పోయింది. పిల్లలు హైదరాబాదుకో బెంగళూరుకో వెళతారు. రాత్రి భోజనాల వేళ ఫోను వస్తుంది. ఉద్యోగం పోయిన నెలలోనూ ఎప్పటి తేదీకే ఇంటికి డబ్బు పంపే కొడుకులు ఉన్నారు. అంతా బాగుందని, వేళకు తింటున్నానని చెబుతారు. ఇటునుంచి తండ్రి కూడా రక్తపోటు మాత్రలు మానకుండా వేసుకుంటున్నానని చెబుతాడు. ఇద్దరికీ ఒకరి గొంతు మరొకరికి బాగా తెలుసు.